రాహుకాలంలో పిలిచిన టోకెన్

సహోదరులారా, మాట్లాడడం నాకు కొత్త కాదు. తిరుత్తణిలో మా పాత్రల అంగడి తలుపు తీసింది మొదలు మూసేదాకా బేరాలాడే మనిషిని నేను, అలాంటి నాకు మధ్యాహ్నం దాటేసరికి నోరే మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున బాగానే ఉండేదాన్ని. పొద్దు వాలే వేళకు మాట ముక్కులోంచి వచ్చేది, ఎడమ కంటి రెప్ప దానంతటదే జారిపోయేది, ఒక బిందె రెండుగా కనబడేది. ఒక పెద్దాయన నేను కన్ను కొడుతున్నాననుకుని బేరం మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. దానికి నవ్వుకున్నాను గాని, ఒక సాయంత్రం అన్నం ముద్ద మింగుడుపడక ఊపిరాడక కొట్టుకున్నప్పుడు మాత్రం చచ్చిపోతానని భయపడ్డాను.

కంటి డాక్టరు కళ్ళు బాగున్నాయన్నాడు. తిరువళ్ళూరులో తలకు స్కాన్ తీశారు, అందులోనూ ఏమీ లేదు. ఎక్కడికి పోయినా తమిళంలో అదే మాట, "ఒణ్ణుమిల్లమ్మా", ఏమీ లేదమ్మా అని. ఆ మాటకు ఎవరైనా సంతోషపడాలి కదా, నాకు మాత్రం వినేకొద్దీ గుండె జారిపోయేది, ఏమీ లేనిదానికి మందేముంటుంది చెప్పండి! మా ఆడబిడ్డ అయితే మొహం మీదే అనేసింది. "అంగట్లో కూచునేదానికి ఒళ్ళు వంగక ఈ వేషాలన్నీ. పొద్దున చూడు, గుండ్రాయి మాదిరి ఉంటాది." కొన్నాళ్ళకు నాకే అనుమానం వచ్చింది, నిజంగానే నటిస్తున్నానేమోనని.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. నేను ప్రభువును నమ్ముకున్నాను గాని మా ఆయన పాత దారిలోనే ఉన్నాడు, నా మేనత్త కొడుకే, బావా అని పిలుస్తాను. వ్యాపారస్తుల ఇల్లు, రాహుకాలం చూడకుండా సరుకు కూడా దించరు. డాక్టరు దగ్గరికి పోవాలంటే ముందురోజు నన్ను అంగడికి రానివ్వడు, బాగా నిద్రపొమ్మంటాడు, తెల్లారి తలకు పోసుకుని రాహుకాలం రాకముందే మొదటి టోకెన్ తీసుకోవాలంటాడు. అదంతా ప్రేమతోనే. అలా ప్రతిసారీ కడిగిన ముత్యంలా తయారై డాక్టర్ల ముందు కూర్చున్నాను.

చివరికి తిరువళ్ళూరులోనే ఒక నరాల డాక్టరమ్మ ఉందని తెలిసింది. పోవడానికి ముందురోజు మోకాళ్ళ మీద పడి ఏడ్చాను. "తండ్రీ, బాగుచెయ్యమని రోజూ అడగతానే ఉండాను, ఈ పొద్దు వేరేది అడుగుతా. చెడ్డ జబ్బయినా సరే, దాని పేరేందో చూపించయ్యా. ఏమీ లేదనే మాట నేనింక మొయ్యలేను." లేవబోతూ, రేపు మమ్మల్ని తొందరగా పిలిపించు అని కూడా కలిపాను.

ఆ కలిపిన ప్రార్థనను దేవుడు పక్కన పెట్టాడు. డాక్టరమ్మకు ఏదో అత్యవసర కేసు వచ్చి, పొద్దున కూర్చున్నవాళ్ళం మధ్యాహ్నం దాటినా అక్కడే ఉన్నాం. నేను ఊరకుంటానా, పక్కన కూర్చున్న కడంబత్తూరు ఆమెతో ఆమె కోడలి సంగతులూ మా అంగడి సంగతులూ మాట్లాడుతూనే ఉన్నాను. మూడు దాటేసరికి నా రెప్ప వాలింది, మాట ముద్దయింది. సరిగ్గా అప్పుడే నా టోకెన్ పిలిచారు. మంగళవారం అది. మా ఆయన గడియారం చూసి నా కొంగు పట్టుకున్నాడు.

"రాహుకాలం పుట్టేసిందే, ఇప్పుడొద్దు. వెనకాలోళ్ళను పోనీ, అందాకా నువ్వు కండ్లు మూసుకొని కాసేపు పడుకో, నాలుగున్నర అయినాక మనం పోదాం."

మాటకు మాట అప్పజెప్పే దాన్ని, ఆ వేళ నోరు పెగల్లేదు. వాదించే ఓపిక లేక, కొంగు విడిపించుకుని లోపలికి నడిచాను.

డాక్టరమ్మ నా ముఖం చూసి చేతిలో పని పక్కన పెట్టేసింది. తలెత్తి ఫ్యాను వైపు చూస్తూ ఉండమంది, చూస్తుండగానే రెండో రెప్ప కూడా దిగిపోయింది. ఐసు ముక్కలు తెప్పించి కంటి మీద కాసేపు పెట్టి తీస్తే రెప్ప పైకి లేచింది. పొద్దుటిపూట ఇలా ఉంటుందా అని అడిగింది. వెనకాలే వచ్చి నిలబడిన మా ఆయన చెప్పాడు.

"ఉండదు మేడం, పొద్దున బాగుంటాది. అందుకే ఎప్పుడూ పొద్దున్నే పిలుచుకొని పోతా."

అనేసి తనే ఆగిపోయాడు.

నరం చెప్పే మాట కండరానికి సరిగ్గా అందని జబ్బట అది, మయస్తీనియా అంటారట, కండరాన్ని వాడేకొద్దీ బలం తగ్గుతుంది, విశ్రాంతి ఇస్తే తిరిగి వస్తుంది. తర్వాత రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. మందుతో అదుపులో పెట్టవచ్చు గాని, మింగడం దాకా వచ్చిందంటే తర్వాత ఊపిరి మీదికే పోయేది, ఇంకా ఆలస్యమయితే కష్టమయ్యేది అంది డాక్టరమ్మ. జబ్బు ఉందని తెలిసి సంతోషంతో ఏడ్చిన పిచ్చిదాన్ని నేనే అయ్యుంటాను.

ఇప్పటికీ మాత్రలు వేసుకుంటున్నాను, పూర్తిగా పోయిందని దేవుని సన్నిధిలో అబద్ధం చెప్పను. సాయంత్రం నలుగురితో కూర్చుని అన్నం తింటున్నాను, పాటలు పాడలేకపోయినా బేరాలు ఆడుతున్నాను, ఆయనకే స్తోత్రం. మా ఆయన ఇంకా రాహుకాలం చూస్తూనే ఉన్నాడు, నేను పోట్లాడను. మొన్న మాత్ర చేతికిస్తూ తనంతట తానే అన్నాడు. "ఆ పొద్దు నువ్వు నా మాట వినింటే, ఇంకో డాక్టరు దగ్గర కూచోనుందుము కదే."

నేను తొందరగా పిలిపించమని అడిగాను, నా తండ్రి నన్ను అలిసిపోయేదాకా కూర్చోబెట్టి బతికించాడు. మీలో ఎవరైనా అడిగి అడిగి విసిగిపోయి, నా మాట వినడం లేదని ఇంటిదారి పట్టబోతుంటే, వద్దమ్మా, వద్దయ్యా, ఇంకాసేపు ఆయన దగ్గరే కూర్చోండి.