చిన్నాయన ఫోనులో చుట్టాలు

పోయిన మంగళవారం నేను ఆఫీసుకు బస్సులో పోతుండగా చిన్నమ్మ ఫోన్ చేసింది. చిన్నాయన పోయారని చెప్పింది. నా నోట ముందు వచ్చిన మాట "ఎవురు?" ఎవరు చంపారని నా ఉద్దేశం. "ఎవురూ లేదు పాపా, గుండెనొప్పి. కాఫీ తాగతా అట్నే ఒరిగిపొయినారు" అంది. ఒక్క క్షణం నాకు ఊపిరాడింది. సొంత చిన్నాయన చనిపోతే నెమ్మది కలిగిందే అని ఆ తర్వాత సిగ్గుతో ఏడ్చాను. పది నెలలుగా మేం బతికిన బతుకు అలాంటిది మరి.

ఆయన పుదుచ్చేరిలో ముప్పై ఏళ్ళు ఒక తమిళ పేపరుకు విలేకరిగా చేశారు. అది మానేశాక ఒర్లియంపేటలో మా మేడమీద కూర్చుని ఫేస్‌బుక్‌లో ఒక పేజీ పెట్టారు. తెలుగులోనే రాసేవారు, కానీ తమిళ అక్షరాల్లో. ఇక్కడ మన ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం చాలామందికి రాదు. నాకు మాత్రం పట్టుబట్టి అఆలు దిద్దించారు. దగ్గరి చూపు తగ్గాక ఆయన చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని. చెబుతూ చొక్కా పై బొత్తాం తిప్పుతుండేవారు. మాట కుదరకపోతే అది ఊడి చేతికొచ్చేది, చిన్నమ్మ తిట్టుకుంటూ కుట్టేది. పేపర్లో ఉన్నప్పుడు ఆయన వెనక ఒక ఆఫీసు, ఒక ఎడిటరు ఉండేవారు. ఇక్కడ ఆయనా, ఫోనూ, నేనూ. అంతే.

పోయినేడు తుఫానుకు సోలై నగర్‌లో సముద్రం ఇళ్ళల్లోకి వచ్చింది. సాయం అడగడానికి జనం ఒక నాయకుడి ఇంటికి పోతే గేటుకు తాళం. పై కిటికీ తెర పక్కనుంచి ఆయన తొంగిచూడటం చేపలమ్మే ఒకావిడ ఫోన్‌లో వీడియో తీసింది. చిన్నాయనకు పంపి, "నా పేరు మాత్రం చెప్పొద్దు సామీ, బజార్లో నా చోటు పీకేస్తారు" అని మొత్తుకుంది. ఆయన మాటిచ్చారు. ఆ వీడియో పేజీలో పెడుతూ "జనం నీళ్ళల్లో ఉంటే నాయకుడు ఇంట్లో దాగినాడు" అని చెప్పారు, నేను టైపు చేశాను.

తమిళంలో 'త'కూ 'ద'కూ ఒకటే అక్షరం. ఊరంతా "తాగినాడు" అని చదివింది!

సాయంత్రానికి నాయకుడు తాగుబోతైపోయాడు. మర్నాడు కామెంట్లలో మా ఇంటి ఫొటో వచ్చింది. ఆ వెనకే సముద్రం పక్క వైట్ టౌన్ వీధుల్లో చిన్నాయన సైకిల్ తొక్కుతున్న ఫొటో, కింద "రోజూ ఒంటిగానే పోతాడు" అని. "రేపట్నించి పోవద్దు చిన్నాయనా" అని చేతులు పట్టుకున్నాను.

"పోకుంటే నేనూ దాగినట్టే గదమ్మా" అన్నారు. పోయారు కూడా. తిరిగొచ్చి సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినేదాకా నేను మెట్ల మీదే కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం నలుగురొచ్చారు. అందులో పెద్దాయన మనవాడే, తెలుగాయన. "అన్నా, పాప తప్పుగా టైపు కొట్టిందని రాసేయ్. వీడియో ఎవురు తీసిందీ చెప్పేయ్. సరిపోయె" అన్నాడు మెత్తగా, బల్ల మీది ఫోన్‌నే చూస్తూ. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

చిన్నాయన ఫోన్ తీసి వాళ్ళ ముందే లైవ్ పెట్టారు. "తాగినాడని చదివినోళ్ళందరికీ క్షమాపణ. ఆ అక్షరం తప్పు నాది. ఆయన తాగలే. దాగినాడు. ద. దాగినాడు. పేజీలో పెట్టింది నేను. ఎవురేం అడగాలన్నా నన్నడగండి." నలుగురూ లేచి పోయారు. చూస్తే బొత్తాం ఆయన చేతిలో ఉంది.

"రేపు ఫోన్ లాక్కుంటే ఆవిడ పేరు బయటపడదా?" అని ఏడ్చాను. ఆయన నవ్వి చూపించారు. వీడియో వచ్చిన మెసేజ్ ఎప్పుడో తుడిచేశారు. ఫోన్ నంబర్ల పక్కన పేర్లుండాల్సిన చోట చుట్టం ఒకటి, చుట్టం రెండు... పదిహేడు దాకా. అందరూ వార్తలిచ్చినవాళ్ళే.

"మనకింతమంది చుట్టాలు యాడున్నారు చిన్నాయనా?"

"మనల్ని నమ్మి వచ్చినోళ్ళు చుట్టాలు గాక మరేంది?" అన్నారు.

చావింటికి ఆ పెద్దాయన కూడా పూలదండతో వచ్చాడు. ఆయన మనసులో ఏముందో దేవుడికెరుక. ఒక మూల కూర్చుని వచ్చేపోయేవాళ్ళను గమనిస్తున్నాడు. అప్పుడే ఒకావిడ చేపల బుట్ట వీధిలో దించి, తడి కుచ్చెళ్ళతో లోపలికొచ్చింది. చిన్నాయన పక్కన కూలబడి "సామీ, సామీ" అని గుండెలు బాదుకుంది.

పెద్దాయన నా దగ్గరికొచ్చాడు. "ఎవురు పాపా ఈమె? సోలై నగరా?"

చిన్నాయన ఫోన్ నా చేతిలోనే ఉంది. గట్టిగా పట్టుకున్నాను. "చుట్టం" అన్నాను.

"ఏ వరస?"

"చిన్నాయన తరఫు."

ఆయన ఆవిడ వైపోసారి చూసి, తిరిగి తన మూలకు పోయాడు. చిన్నాయనకు తొడిగిన చొక్కాకు పై బొత్తాం లేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఆ రెండంచులూ దగ్గరికి లాగి, కాసేపు చేత్తో అలాగే పట్టుకుని కూర్చుంది.