ఆరు తర్వాతి అంకె

ఇది నిజంగా జరిగింది. ఒట్టు వేయమంటే వేస్తాను. మా ఆవిడ నా ఒట్లను చాలా కాలంగా పట్టించుకోవడం లేదు కాబట్టి, మీరూ దాన్ని పెద్ద సాక్ష్యంగా తీసుకోకండి. ఊరికే వినండి.

అప్పటికి సెల్‌ఫోన్ ఖమ్మం దాకా వచ్చింది, అడవిలోకి ఇంకా రాలేదు. భద్రాచలం దాటాక ఒక తునికాకు కల్లంలో నేను కల్లేదారుని. అంటే, ఊళ్లవాళ్లు బీడీ ఆకు కోసి కట్టలు కట్టి తెస్తే, లెక్క చూసుకుని ఇసుకలో వరసలుగా ఎండబెట్టించే ఉద్యోగం. బీకాం చదివినందుకు దొరికిన బహుమతి. రోజంతా వంగి చూడటమే పని. రెండు సీజన్లలో నడుములో ఒక నరం నొక్కుకుపోయింది. ఎడమ కాలంతా మంట. కూర్చుంటే మంట, పడుకుంటే ఇంకా మంట.

ఖమ్మంలో డాక్టరు కొత్త మాత్ర రాశాడు. రాత్రి అన్నం తిన్నాక ఒకటి.

"మొదటి వారం తల తిరుగుతది. నోరు, కండ్లు ఎండిపోతయ్. ఓర్చుకోవాలె. అంతకు మించి ఏమన్నా అయితే ఫోన్ చెయ్యి, ఆపేద్దాం. మందు పడకపోతే ఇగ ఆపరేషనే."

ఆపరేషన్ అన్న మాట వినగానే కాలు సగం నయమైనట్టు అనిపించింది. మా చిన్నాన్న అదే ఆపరేషన్‌కు నడిచి వెళ్లి, మంచం మీద తిరిగొచ్చాడు. కాబట్టి ఆ మాత్ర నాకు పడి తీరాలి.

మొదటి రెండు రోజులు డాక్టరు చెప్పినవన్నీ హాజరు వేయించుకున్నాయి. నేను లేస్తే కల్లం కూడా లేచి ఒక చుట్టు తిరిగేది. నాలుక అట్టముక్క. కళ్లు ఎంత ఎండిపోయాయంటే, రెప్ప వేస్తే చప్పుడవుతుందేమో అనిపించేది. మంట మాత్రం తగ్గుముఖం పట్టింది.

ఇక్కడ లెక్క సంగతి చెప్పాలి. కట్టలు లెక్కపెట్టేది భీమయ్య. కల్లం కావలి కూడా ఆయనే. పక్క ఊరే, యాభై దాటిన మనిషి. ఆయన అంకెలు పిలుస్తాడు, నేను రిజిస్టరులో రాస్తాను. మొదటిదాన్ని ఒకటి అనడు, 'లాభం' అంటాడు. ఆరు తర్వాత 'ఆరున్నొకటి' అంటాడు. ఏడు అంటే ఎవర్నో ఏడవమన్నట్టు ఉంటుందని ఆ మాట కల్లంలో ఎవరూ పలకరు. ఒకసారి నేను నోరు జారితే, ఆడవాళ్లు నన్ను నాలుగు తిట్టి మొదటి నుంచి లెక్కపెట్టించారు.

మూడో రాత్రి. తొమ్మిది కూడా కాలేదు. భీమయ్య అన్నానికి ఇంటికి వెళ్లాడు. మాత్ర వేసుకుని పాకలో పడుకున్నాను. గాలి లేదు. ఎండిన ఆకులు వాటంతటవే చిటపటమంటున్నాయి...

కల్లం అవతలి కొసన ఎవరో అన్నారు.

"లాభం..."

భీమయ్యే అనుకున్నాను. ఈ వేళప్పుడు లెక్కేమిటని విసుక్కున్నాను కూడా.

"రెండు..."

కట్ట ఇసుకలో పడిన చప్పుడు. మెత్తగా.

"మూడు..."

మళ్లీ చప్పుడు. గొంతు ఆడదో మగదో తెలియలేదు. తొందర లేదు.

"నాలుగు..."

దగ్గరికి వస్తోంది. లేద్దామంటే పాక మొత్తం ఒక చుట్టు తిరిగింది. ఇది మాత్రే... మొదటి వారమే... అని నాకు నేనే డాక్టరు గొంతుతో చెప్పుకున్నాను.

"అయిదు..."

ఆకుల చిటపట ఆగిపోయింది.

"ఆరు..."

తడికకు అవతల. నేను చెయ్యి చాపితే అందేంత దూరంలో.

తర్వాత ఏమీ లేదు. చాలాసేపు. నేను 'ఆరున్నొకటి' కోసం ఎదురుచూస్తున్నాను. డిగ్రీ ఫలితాల కోసం కూడా అంతగా ఎదురుచూడలేదు...

"ఏడు."

చెవి పక్కనే. అంకె చెప్పినట్టు లేదు. పని చెప్పినట్టు ఉంది.

ఏడ్చాను. ఎందుకో తెలియదు. ఎవరూ గుర్తు రాలేదు, ఏ బాధా లేదు. మూడు రోజులుగా చెమ్మ లేని కళ్లు... దిండు తడిసిపోయింది.

టార్చి వెలుతురు ముఖాన పడింది. భీమయ్య.

"ఏంది సారూ, గట్లేడుస్తున్నవ్? కాలు నొస్తుందా?"

"కాలు బాగనే ఉంది. లెక్కబెట్టింది నువ్వేనా?"

"నేనిప్పుడే వస్తున్న. రాత్రి లెక్కేంది?" సంగతంతా చెబితే నవ్వాడు. "ఖమ్మం గోళీ గట్టిదే సారూ. మనిషివి ఒక్కడివే, ముచ్చట ఇద్దరిది."

అయినా వెళ్లి వరసల మీద టార్చి వేసి చూశాడు. ఒక్క కట్ట కదల్లేదు. ఇసుకలో అడుగు లేదు.

తెల్లారి భద్రాచలం పోయి ఎస్టీడీ బూత్ నుంచి డాక్టరుకు ఫోన్ చేశాను.

"మంట ఎట్లుంది?"

"పోయింది సార్."

"తల?"

"తిరుగుతోంది."

"ఇంకేమన్నా?"

చెబితే మందు ఆపేస్తాడు. ఆ తర్వాత కత్తి. మంచం మీది చిన్నాన్న కళ్లముందు మెదిలాడు.

"ఏం లేదు సార్," అన్నాను.

ఆ రాత్రి మాత్ర అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే భీమయ్య అడిగాడు. "వేస్కుంటవా?"

"వేసుకోక తప్పుతుందా?"

"అది మళ్లొస్తే?"

"నువ్వున్నవ్ కదా. ఆరు కాడ ఆపు."

"మధ్యల నన్నెందుకు ఇరికిస్తవ్ సారూ," అన్నాడు. అంటూనే తన మంచం నా మంచం పక్కకు లాక్కున్నాడు.

హాయిగా నిద్రపోయాను. ఏడాదిలో అంత నిద్ర లేదు. తెల్లారి లేస్తే కాలు ఉందన్న సంగతే గుర్తు లేదు.

భీమయ్య మంచం అంచున కూర్చుని ఉన్నాడు. కళ్లు వాచి ఎర్రగా ఉన్నాయి. భుజం మీద తువ్వాలు తడిగా ఉంది.

"ఏమైంది?"

"ఏం గాలే. పొయ్యి పొగ."

"విన్నావా భీమయ్యా?"

"పొగ అంటున్న గద సారూ."

ఆ రాత్రి మేం పొయ్యి వెలిగించలేదు.

సీజనంతా ఆ మాత్ర వేసుకున్నాను. మళ్లీ ఏమీ వినబడలేదు. ఆపరేషన్ తప్పింది. నాకు జరిగింది మందు వల్లనే అనుకుందాం, నాకేం అభ్యంతరం లేదు. భీమయ్య ఏ మందూ వేసుకోలేదు. అక్కడే నా బీకాం ఆగిపోతుంది.

భీమయ్య పొగ అన్న రోజు సాయంత్రమే, ఆడవాళ్లు ఎప్పటిలాగే కట్టలు తెచ్చి వరసగా పెట్టారు. భీమయ్య వాళ్ల దగ్గరికి పోలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి, నా చేతిలోని రిజిస్టరు తీసుకున్నాడు.

"ఇయ్యాల్టి సంది అంకెలు నువ్వే పిలువు సారూ. నేను రాస్త."

భీమయ్యకు రాయడం రాదు.