ఖాళీ అని పక్కన పెట్టిన రీలు

1996లో నేను దక్షిణాఫ్రికాలో, డర్బన్‌కు దక్షిణాన ఉన్న మొబేనిలో, ఒక ఫోటో ల్యాబ్‌లో ప్రింటర్‌గా చేరాను. రంగులు సరిచూసి ప్రింట్లు తీయడం నా పని. నల్లవాళ్లకూ ఓటు వచ్చిన ఎన్నికలై రెండేళ్లయింది, విశాఖపట్నం నుంచి నాలాంటివాళ్లు రావడం అప్పుడప్పుడే మొదలైంది. నా భార్య పోయింది కూడా ఆ ఏడాదే.

డార్నల్ అనే ఊరి నుంచి పార్వతమ్మగారు ఒక రీలు తెచ్చారు. తాతల కాలంలోనే చెరుకు పనికి వచ్చిన తెలుగు కుటుంబం వాళ్లది. చక్కెర మిల్లులో ఫిట్టర్‌గా చేసిన భర్త చనిపోయాక, ఆయన కెమెరాలో మిగిలిపోయిన రీలు. దూరపువాటిని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్స్ తగిలించుకుని, ఆకాశంలో నెబ్యులాల ఫోటోలు తీస్తానని ఆయన రాత్రుళ్లు చెరుకు తోటల వైపు వెళ్లేవారట. అక్కడ ఆయనకు ఎవరో ఉన్నారని ఆడపడుచు కర్మ రోజునే అందరి ముందూ అనేసింది. రీల్లో ఏముందో పార్వతమ్మగారికి తెలియాలి.

కడిగిన రీలును మా ల్యాబ్‌వాళ్లు ఖాళీ అని పక్కన పెట్టారు. నెగెటివ్ మరీ పలచగా ఉంటే మెషిన్ ప్రింట్ తీయదు. ఆమెకు ఆ మాట చెప్పేముందు లైట్ టేబుల్ మీద, అంటే కింద దీపం ఉన్న గాజుబల్ల మీద పెట్టి చూశాను. సన్నని చుక్కలు, వాటి మధ్య ఒక మసక మచ్చ.

అది నెబ్యులా కావచ్చు. కెమెరాలోకి వెలుతురు దూరి పడిన మరక కావచ్చు. కోతకు ముందు చెరుకు తగలబెట్టే మంట తాలూకు వెలుగూ కావచ్చు. నెబ్యులా అయితే బాగుండునని నాకు ఎంతగా ఉందంటే, నా కళ్లనే నమ్మలేకపోయాను.

కెమెరా కాస్త పక్కకు జరిపి తీసిన రెండు ఫ్రేములను ఒకదానిపై ఒకటి పెట్టి జరిపాను. చుక్కల మీదికి చుక్కలు రాగానే మచ్చ మీదికి మచ్చ వచ్చింది. మరకైతే రెండింటిలోనూ ఫ్రేములో ఒకేచోట ఉండాలి. మంటైతే నేల మీదే ఉంటుంది, ఆకాశంలో చుక్కలు జరిగినా వాటితోపాటు జరగదు.

ఆమె వచ్చినప్పుడు ప్రింట్ చేతికిచ్చాను.

"ఏటిది తమ్ముడూ?"

"నెబ్యులా అమ్మా. వాయువు, ధూళి కలిసిన మబ్బు."

"పొగేనా?"

"అలాంటిదే."

"మిల్లు పొగ చాల్లేదేటి ఆ మనిషికి?" అని కాస్త నవ్వారు.

ఆయన షెడ్‌లో తలుపు బందుతో కలిపి బిగించిన రెండు చెక్కలు, వాటికి ఒక మరమేకు కనిపించాయని, అవెందుకో తెలియలేదని అన్నారు. చుక్కలు జరిగే కొద్దీ కెమెరాను తిప్పడానికని చెప్పాను. పక్కనే కూర్చుని మర తిప్పుతూనే ఉండాలి, వదిలి వెళ్తే చుక్కలు గీతలైపోతాయి. ఇందులో గీతల్లేవు, అంటే ఆయన కెమెరా వదిలి ఎక్కడికీ వెళ్లలేదు. ఆడపడుచుకు ఇక సమాధానం దొరికిందనే అనుకున్నాను.

ఆమె ప్రింట్‌ను దగ్గరగా పట్టుకుని చూశారు.

"ఊరికే కూకోడమే అయితే, నన్నెందుకు పిలవనేదు?"

రీలును కవరులో పెట్టి ఆమె చేతికిచ్చాను.

ఆ తర్వాత మెషిన్ వదిలేసిన ప్రతి రీలునూ లైట్ టేబుల్ మీద చూశాకే తిరిగి ఇచ్చాను. కనిపించింది చెప్పేవాణ్ణి. దాంతో ఇంట్లోవాళ్ల మనసు కుదుటపడుతుందని అనుకోవడం మాత్రం మానేశాను.