మావయ్య గొంతు, నా కీబోర్డు

ఒక మనిషి గొంతు దాచిపెడతానని బయలుదేరి, నిక్షేపంలాంటి కంప్యూటర్‌ను చెవిటిదాన్ని చేసిన ఘనత నాది. నాకు తెలివి ఎక్కువైందని అనిపించినప్పుడల్లా ఈ సంగతి నాకు నేనే చెప్పుకుంటాను. ఇవాళ మీరూ వినండి. నవ్వండి, కానీ మరీ గట్టిగా వద్దు. ఇందులో నవ్వలేని ముక్క కూడా ఒకటుంది.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది. నాకు ఇరవై మూడు. టాటానగర్‌లో, టెల్కో కాలనీలో నాన్న క్వార్టర్లో ఉండేవాళ్లం. ఒక పత్రికతో వచ్చిన సీడీ నుంచి నా కంప్యూటర్లో దాన్ని నడిపించే లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాను. ఆ రోజు నుంచి మిగతా లోకమంతా చేతిలో గొడుగుండి కూడా వానలో తడుస్తున్నట్టు కనిపించేది నాకు. ఎవరు కనబడినా గొడుగు విప్పడం నేర్పబోయేదాన్ని. మా వీధిలో నన్ను చూసి దారి మార్చుకున్నవాళ్లున్నారు.

అప్పన్న మావయ్య నాన్నతో పాటు టెల్కో లారీల ప్లాంటులో క్రేన్ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్లది పలాస వైపు. బిర్సానగర్‌లో మా కాలనీకి దగ్గర్లోనే చిన్న ఇల్లు కట్టుకున్నారు. పైన క్రేన్ క్యాబిన్లో కూర్చుని కింద యంత్రాల మోతను దాటి అరవడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చినా అదే గొంతు. ఆయన తన భార్యను "రాజమ్మా" అని పిలిస్తే మూడు వీధుల్లోని రాజమ్మలందరూ బయటికొచ్చేవారు. ఆ గొంతులో గడ్డ లేచింది. మాట బొంగురుపోయింది. స్వరపేటిక తీసేయాలని వెల్లూరు డాక్టర్లు చెప్పారు. సోమవారం రైలు. ఆదివారం పొద్దున్నే రాజమ్మ అత్త ఆయన్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"నీ కంపూటర్ల మనిసి మాట దాసొచ్చంట గదమ్మా. మీ మావయ్యది కాసింత దాసిపెట్టు. ఏటి మాటాడినా పర్నేదు. నన్ను తిట్టినా పర్నేదు" అంది.

మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఫొటో దిగడానికి వచ్చినట్టు వచ్చాడు. యూఎస్‌బీ మైకు ఆయన ముందు పెట్టాను. టాటానగర్ స్టేషన్లో మొదటిసారి దిగిన రోజు గురించి చెప్పమంది అత్త. ఆయన మెల్లగా మొదలుపెట్టాడు. ఆ రోజు వానట. చేతిలో ఇనప పెట్టె. దారి అడిగితే హిందీలో చెప్పారట. అర్థం కాక అక్కడే కూర్చుంటే ఒక ముసలాయన టీ తాగించాడట. అంతవరకు వచ్చేసరికి తెరమీద మాటలతో పాటు కదులుతున్న గీత కాస్తా చదునైపోయింది. కింద ఇంగ్లీషులో ఒక వరస పడింది.

ఆ వరస సంగతి మీకు చెప్పాలి. కంప్యూటర్‌కు తగిలించిన ప్రతి పరికరమూ పని పడినప్పుడు లోపల ఒక గంట కొడుతుంది. దాన్నే ఇంటరప్ట్ అంటారు. గంటలు తక్కువ, పరికరాలు ఎక్కువ కాబట్టి రెండు మూడు కలిసి ఒకే గంటను వాడుకుంటాయి. నా మైకున్న యూఎస్‌బీ కంట్రోలరూ మరో కార్డూ అలా ఒకే గంటకు వేలాడుతున్నాయి. గంట మోగుతూనే ఉంది, కొట్టింది నేనేనని ఎవరూ ఒప్పుకోవడం లేదు. విసిగిపోయిన లైనక్స్ ఆ గంటనే పీకేసింది. మైకు చచ్చింది.

ఏమి రాసుందని మావయ్య అడిగాడు. "నోబడీ కేర్డ్ అని వచ్చింది మావయ్యా. ఎవరూ పట్టించుకోలేదు అంటోంది."

ఆయన తెర మీదికి వంగి చూశాడు. "ఇంతసేపు నాను మాటాడితే ఎవులూ పట్టించుకోనేదా" అన్నాడు.

అది మీ గురించి కాదని చెప్పడానికి నాకు చాలా సేపు పట్టింది.

ఏ మాట చేర్చి కంప్యూటర్ను మళ్లీ మొదలుపెడితే సరిపోతుందో అదే వరసలో, పక్కనే బ్రాకెట్లో రాసుంది. తెరమీది సలహా వింటే నా పాండిత్యం ఏం కాను? అంతవరకు ఎక్కిన మాట భద్రపరచాలన్న ధ్యాస కూడా లేకుండా కంప్యూటర్ ఆపేసి, స్క్రూ డ్రైవరు తెచ్చి దాని పెట్టె మూత విప్పాను. కార్డు ఒక గాడిలోంచి మరో గాడిలోకి మార్చాను. మళ్లీ మాట్లాడమన్నాను. మళ్లీ ఆగింది. ఇంకో గాడి. మావయ్య ప్రతిసారీ స్టేషన్ నుంచి మొదలుపెట్టాడు. రెండోసారి వాన లేదు. మూడోసారి టీ ఇచ్చిన ముసలాయన లేడు. నాలుగోసారి, "టాటానగర్ల దిగినాను. నౌక్రీల జేరినాను" అని ఊరుకున్నాడు. నవ్వలేని ముక్క అదే.

అప్పుడు నా బుర్రకు మహత్తరమైన ఉపాయం తట్టింది. కంప్యూటర్ లేవగానే వచ్చే బయోస్ తెరలోకి వెళ్లి యూఎస్‌బీని ఒకసారి పూర్తిగా ఆపేస్తే, తిరిగి పెట్టినప్పుడు కొత్త గంట దొరుకుతుందని. ఆపేశాను. భద్రపరిచాను. కంప్యూటర్ మళ్లీ లేచింది. తిరిగి పెడదామని మీట నొక్కితే ఉలుకు లేదు, పలుకు లేదు.

నా కీబోర్డు కూడా యూఎస్‌బీదే. మౌసు కూడా. గుండ్రటి పిన్నున్న పాతవి నాగరికం కాదని వారం కిందటే పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. లోపలి బిళ్ల బ్యాటరీ తీసి పెడితే అంతా మామూలవుతుందని నాకు తెలియదు. విప్పిన పెట్టెలో ఆ బ్యాటరీ నా ముక్కు కిందే మెరుస్తోంది.

"ఏటైనాదమ్మా" అంది అత్త.

"దానికి నా మాట వినబడటం లేదత్తా."

"నీ మాట కూడానా" అంది.

ఇంకేమీ అనకుండా పక్క క్వార్టరుకు వెళ్లి టేప్ రికార్డరు, పాత భజనల క్యాసెట్టు అడిగి తెచ్చింది. భజనల మీదే కొత్త మాట ఎక్కేలా క్యాసెట్టు పైన రెండు రంధ్రాలకు కాగితం అంటించి ఎర్ర మీట నొక్కింది. అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట. మావయ్య గొంతు అలిసిపోయింది. నాలుగు మాటలు చెప్పి, అత్త వైపు తిరిగి, "ఇంక సాల్లే రాజీ. పద, ఆకలేత్తంది. ఇంటికెల్లి అన్నం తిందుం" అన్నాడు. అత్త టేపు ఆపి క్యాసెట్టు కొంగున కట్టుకుంది. తనకు అదే కావాలంది.

మావయ్య రెండు నెలలకు వెల్లూరు నుంచి తిరిగొచ్చాడు. మాట పోయింది, మనిషి దక్కాడు. క్షమాపణ మొత్తం బట్టీపట్టి నేను బిర్సానగర్ వెళ్లాను. పొద్దంతా ఆయన్ని కూర్చోబెట్టి అలిసిపోయేలా చేశాననీ, ఆ ముసలాయన, ఆ వాన నా వల్లే పోయాయనీ చెప్పాను. ఆయన అంతా విన్నాడు. పక్కనున్న పలక తీసుకుని ఓపిగ్గా రాసి అత్తకిచ్చాడు. అత్తకు చదువు రాదు. నా చేతిలో పెట్టి చదవమంది.

"నీ కంపూటరుకి ఇప్పుడెలా ఉంది?" అని ఉంది.

కోలుకుంది మావయ్యా, మాట వింటోంది అన్నాను. ఆయన భుజాలు కదిలిపోయేలా, చప్పుడు లేకుండా చాలాసేపు నవ్వాడు.

కాబట్టి మా ఊరి నది సుబర్ణరేఖ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మాట్లాడడానికి సిద్ధపడి వచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇక ఏ యంత్రం మూతా విప్పను. విప్పక తప్పకపోతే, ముందు ఆ మనిషికి అన్నం పెట్టి, చెప్పేదంతా విని, ఇంటి దాకా దిగబెట్టి వచ్చి, అప్పుడు విప్పుతాను.