చక్రపాణి స్పీడ్ చేసిన ఫోన్

అమెరికాలోని ఇర్వింగ్‌లో తెలుగువాళ్లు ఎవరింట్లో, తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ పెట్టినా చక్రపాణి ప్లేటు కంటే ముందు పక్కవాళ్ల ఫోన్ అందుకుంటాడు. ఎవరూ అడగనక్కర్లేదు. ఫోన్ కాస్త నత్తనడక నడిస్తే చాలు, "ఇలా ఇవ్వండి" అని లాక్కుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి సెట్టింగ్స్‌లోకి దూరిపోతాడు. యానిమేషన్లు తీసేస్తాడు, వెనకాల నడిచే యాప్‌లన్నీ ఆపేస్తాడు, స్క్రీన్ చొక్కాకి తుడిచి మరీ తిరిగిస్తాడు. ఆపేవాటి పేర్లు చదివే ఓపిక మాత్రం లేదు.

మొన్న శనివారం నాగమల్లేశ్వరి ఆంటీ నుదుటి మీద కట్టుతో వచ్చింది. "షుగర్ పడిపోయి కిచెన్‌లో కూలబడ్డాను బాబూ. చేతికి సెన్సర్ ఉందిగా, షుగర్ తగ్గితే ఫోన్ మోగాలి. మోగనే లేదు. ఒకసారి చూడు."

చూశాడు. పోయిన నెల తను ఆపేసిన వాటిలో ఆ షుగర్ యాప్ మూడోది. చెవులు వేడెక్కాయి. గబగబా ఆన్ చేసి, "ఇక మోగుతుంది ఆంటీ" అన్నాడు. ఇన్నాళ్లూ ఎందుకు మోగలేదో చెప్పబోయి, స్క్రీన్ చొక్కాకి తుడిచి తిరిగిచ్చేశాడు.

"మా అల్లుడు వారం నుంచీ తంటాలు పడుతున్నాడు. ఈ అబ్బాయి నిమిషంలో బాగుచేశాడు" అని ఆవిడ ఇల్లంతా వినపడేలా చెప్పింది. వెంటనే పక్కనున్న రాఘవులు గారు తన ఫోన్ ముందుకు చాపారు.

"నాకు నిజంగా ఏమీ తెలీదండీ" అన్నాడు చక్రపాణి, నేల చూస్తూ.

"ఇంత తెలిసీ ఎంత అణకువో చూడండి" అని ఆంటీ నవ్వి, రాఘవులు గారి ఫోన్ తనే తీసుకుని అతని చేతిలో పెట్టింది.