ఇరవయ్యో పేరు

మొన్న మధ్యాహ్నం మా అమ్మాయి ఒక కాగితాల కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టి, కార్మిక చట్టాలన్నీ మార్చేశారు నాన్నా, ఇకమీద పనిలో ఉన్న ప్రతి మనిషికీ నియామక పత్రం ఇచ్చి తీరాలట, తెలుగులో తప్పులుంటే దిద్దిపెట్టు అంది. పలాస దగ్గరున్న మా జీడి ఫ్యాక్టరీ ఇప్పుడు దాని చేతిలోనే ఉంది. నాకు మిగిలింది ఒక కుర్చీ, కళ్లజోడు, ఇలా తప్పులు దిద్దే ఉద్యోగమూను. చట్టం అన్న మాట వినబడితే ఈ వయసులో కూడా నా చెవులు వీధివైపు తిరుగుతాయి, జీపు చప్పుడేమైనా వస్తోందేమోనని. నాలాగా చిన్న ఫ్యాక్టరీలు నడిపి తల నెరిసినవాళ్లకి ఆ భయం సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

అప్పట్లో ఫ్యాక్టరీ మా మావయ్యది. చదువు ముగించి ఉద్యోగం దొరక్క తిరుగుతున్న నన్ను పిలిచి హాజరు పుస్తకం చేతిలో పెట్టి, మొట్టమొదట నేర్పిన పాఠం ఏమిటంటే అందులో పంతొమ్మిది పేర్లకి మించి రాయకూడదని. ఇరవై నిండితే చట్టాలు మీద పడతాయి, ఆ ఫారాలు నింపడానికే మరో గుమాస్తా కావాలి, మనలాంటివాళ్లం బట్టీ ఆర్పుకుని ఇంటికి పోవలసిందే అనేవాడు. ఆయన దుర్మార్గుడు కాడు. పనివాళ్ల ఇళ్లలో పెళ్లయితే ముందు వెళ్లి నిలబడేది ఆయనే. కానీ చట్టమంటే ఆయనకి గాలివాన లాంటిది, తలుపులు బిగించుకోవడమే తెలుసు. ప్రతి నెలా పంతొమ్మిదో పేరు కింద నేను స్కేలు పెట్టి ఎర్ర సిరాతో గీత గీసేవాణ్ణి. గీత చక్కగా వచ్చిందని ఆయన మెచ్చుకుంటే పొంగిపోయేవాణ్ణి కూడా.

ఆ గీతకి అవతల, పుస్తకంలో పేరు లేకుండా పనిచేసేవాళ్లు మరో ఏడెనిమిది మంది ఉండేవారు. వాళ్లలో ఒకామె అప్ప. మా వైపు అక్కని అప్ప అంటారు, ఆమెని ఫ్యాక్టరీ అంతా చిన్నా పెద్దా తేడా లేకుండా అలాగే పిలిచేది. కాల్చిన జీడిపిక్కని నిలబెట్టి కర్రతో ఒక్క దెబ్బ వేస్తే పప్పు విరగకుండా బయటికొచ్చేది. పిక్కలోని జీడినూనె చర్మాన్ని తినేస్తుంది కాబట్టి అందరూ చేతులకి బూడిద రాసుకునేవారు, అయినా ఆమె వేళ్లు మసిబారి, గోళ్ల సందుల్లో నలుపు ఏ సబ్బుకీ లొంగేది కాదు. భోజనం వేళ దాటిపోయినా నేను రాసుకుంటూ కూర్చుంటే వచ్చి, “తిండి మానేసి ఏటి రాతలు బాబూ, ఆ పుస్తకం నీకు కూడెడతాదేటి?” అని కసిరేది.

తనిఖీ అధికారి జీపు మలుపు తిరగగానే గేటు దగ్గరి కాపలా తాత గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గు వినబడితే చాలు, గీతకి అవతలివాళ్లు చేతిలో కర్ర కింద పెట్టి, వెనక తలుపులోంచి జీడితోటలోకి వెళ్లి కూర్చునేవారు. ఎవరూ చెప్పక్కర్లేదు. పని మధ్యలో సెలవు దొరికిందని నవ్వుకుంటూ వెళ్లేవారు, వాళ్లని చూసి నేనూ నవ్వేవాణ్ణి.

ఒక ఎండాకాలం పొద్దున్న పిక్క చిట్లి వేడి జీడినూనె అప్ప కంట్లో చిమ్మింది. కుళాయి దగ్గర కూర్చోబెట్టి నేను నీళ్లు కొడుతూ ఉండగానే తాత దగ్గాడు. గీతకి అవతలివాళ్లలో మిగతావాళ్లు తోటలోకి వెళ్లిపోయారు. కళ్లు తెరవలేని మనిషి ఎక్కడికి పోతుంది? అధికారి సరాసరి మా దగ్గరికే వచ్చి ఈమె ఎవరు, ఏమైంది అని అడిగాడు. మావయ్య నావైపు చూశాడు. నిజం చెబితే ఆమెకి వైద్యం హక్కుగా వచ్చేది, ఫ్యాక్టరీ తరఫున మాకు తిప్పలు వచ్చేవి. ఈ రెండూ నాకు ఆ క్షణంలో స్పష్టంగా తెలుసు. మా చుట్టాలావిడండీ, చూసిపోదామని వచ్చింది, కంట్లో నలక పడింది అన్నాను.

అప్ప నల్లటి చేతులు పైట కిందకి లాక్కుని, “అవును బాబూ, ఊరికినే సూసిపోదారని వొచ్చాను” అంది. ఆయన ఆ పైట వైపు కాసేపు చూశాడు. తర్వాత హాజరు పుస్తకం తిరగేసి, పంతొమ్మిది మందిని లెక్కపెట్టి, సంతకం చేసి వెళ్లాడు. ఆయన టీ తాగి జీపెక్కేదాకా ఆమె అలాగే కూర్చుంది.

శ్రీకాకుళం కంటి డాక్టరు దగ్గరికి మావయ్యే తీసుకెళ్లాడు, పొద్దువాలాక. ఆ కన్ను తెల్లబడిపోయింది. అప్ప నెల తిరక్కుండా మళ్లీ వచ్చి, ఒంటికన్నుతోనే ఇంకో తొమ్మిదేళ్లు పిక్కలు కొట్టింది. ఇకనైనా పేరు రాద్దామా మావయ్యా అని నేను అడగలేదు. ఆమె కూడా అడగలేదు. ఆ తొమ్మిదేళ్లూ నేను పని షెడ్డులో నడిచేటప్పుడు ఆమెకి కన్నున్న వైపు నుంచి వెళ్లేవాణ్ణి కాను. ఇప్పటికీ నీళ్లు పారే చప్పుడు వింటే ఒక్కోసారి పైట కింద ఆ చేతులు కనిపిస్తాయి, నేను చేసే పని ఆపేస్తాను.

నిన్న నియామక పత్రాలు పంచాం. ఈమధ్యే చేరిన ఒక అమ్మాయి సంతకం పెట్టి కూడా కదలకుండా నిలబడి, “తాతగారూ, మా అమ్మమ్మ మీకాడే పిక్కలు కొట్టీదట. ఒక కన్ను నేదు ఆవిడికి. సచ్చిపోయిందిలెండి. పాత పుస్తకంలో ఆవిడ పేరుంటాది గదా, ఓపాలి సూపించరా?” అంది. పుస్తకాలన్నీ చెదలు తినేశాయమ్మా అన్నాను. నా వెనక బీరువాలోనే ఉన్నాయి, అట్ట కూడా చెక్కు చెదరలేదు. ఆమె సరేనని, తన పత్రాన్ని జాగ్రత్తగా మడతపెట్టుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎవర్నీ తోటలోకి పంపక్కర్లేదు, గేటు దగ్గర దగ్గేవాళ్లు లేరు. చట్టాల్లో ఆ హద్దు అంకెలు కూడా కొన్ని మార్చారట. మా అమ్మాయి కొత్త నిబంధనలు చదివి విసుక్కుంటుంది గానీ, పేర్లు మాత్రం అన్నీ రాస్తుంది. అంత సులువైన పనికి మేమెందుకంత భయపడ్డామో ఈ కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే అంతుబట్టడం లేదు.

ఆ పిల్ల వెళ్లాక బీరువా తీసి, ఎర్ర గీత కింద ఉన్న ఖాళీలో ఇప్పుడైనా అప్ప పేరు రాద్దామని కలం పట్టుకున్నాను. ఆమె పేరేమిటో నాకు తెలియదు. అన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు, రాయవలసిన పని పడలేదు కదా.