ఓబులవ్వ ఇంటి మగ్గం గుంతలు

ధర్మవరం వెళ్లినప్పుడల్లా పని ఉన్నా లేకున్నా ఒకప్పుడు మేమున్న ఆ వీధిలోంచే నడుస్తాను. మొన్నా అంతే. సెల్‌ఫోన్ల అంగడికీ టైలరు అంగడికీ మధ్య సన్నటి సందులోంచి మగ్గం చప్పుడు వినబడింది. మరమగ్గం రొద కాదు. మనిషి కాలితో తొక్కి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ తొక్కే చేతిమగ్గం చప్పుడు. ఆటోల హారన్ల మధ్య నిలబడి విన్నాను. నేసేవాళ్లు ఇంకా ఉన్నారు అనుకుంటే ప్రాణం కుదుటపడింది. ఆ సందులో మగ్గం ఆడుతోందంటే అది ఓబులవ్వ చలవే. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, కోపం ముక్కు మీదే ఉండేది.

తొంభైల చివర్లో మేము గోరంట్ల దగ్గర పల్లె నుంచి ధర్మవరం వచ్చాం. వరుసగా మూడేళ్లు వానల్లేక చేలో చెనిక్కాయ పంట ఎండిపోయింది. మా ఆయన సేద్యం వదిలి, ఒక బంధువు దగ్గర నేత నేర్చుకున్నాడు. నాకప్పటికి పెళ్లయి ఏడాది. మాలాంటి వాళ్లు ఇంకెందరో ఆ ఊరికి చేరుతూనే ఉన్నారు. ఊరు నాలుగు వైపులా పెరుగుతోంది, ఇల్లు మాత్రం దొరకదు. నేతగాడు కాళ్లు పెట్టుకోవడానికి మగ్గం కింద మోకాలి లోతు గుంత తవ్వాలి. కొత్తగా కట్టిన ఇళ్లన్నిటికీ నున్నటి బండలు పరిచేశారు. "మగ్గమా? బండలు పగలగొట్టుకుంటామంటే ఎట్లమ్మా?" అని తలుపు వేసేవారు. పట్టుచీరల మీద బతికే ఊళ్లో మగ్గానికి చోటు లేకపోవడమేమిటని నాకు ఏడుపొచ్చేది, ఒళ్లు మండేది కూడా.

పదకొండో ఇల్లో పన్నెండో ఇల్లో ఓబులవ్వది. భర్త నేతగాడు, అప్పటికే పోయాడు. నాలుగు గదులు వరుసగా కట్టుకుని బాడుగకు ఇచ్చేది. అన్నీ మట్టి నేలలే. మాది ఏ ఊరని గానీ, ఏ కులమని గానీ అడగలేదు. మా ఆయన్ని కిందికీ మీదికీ చూసి, "కాళ్లు బాగా పొడుగుండాయే. గుంత లోతుగా తీయాల" అని గడ్డపార తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆమెకు ఉన్నది ఒక్కటే షరతు. ఎవరు తవ్విన గుంతను వాళ్లే పూడ్చి వెళ్లాలి. అది పూడ్చేదాకా ఇల్లు ఖాళీ అయినట్టు కాదు. నలుగురు బాడుగవాళ్లకూ అదే మాట.

మా ఆయన గాలి బాగా తగులుతుందని గడప పక్కనే గుంత తవ్వాడు. ఓబులవ్వ వద్దంటూనే ఉంది, ఆయన వినలేదు. అప్పటికే ఆ వీధిలో సిమెంటు రోడ్డు మీద ఇంకో రోడ్డు వేసి, ఇళ్లకన్నా ఎత్తు చేశారు. కరువు సీమలో పుట్టిన మాకు వాన నీళ్లు ఇంట్లోకి వస్తాయన్న ఆలోచన ఎక్కడిది! ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టి వాన దంచింది. మా ఆయన మగ్గం దిగి ఒక్క పరుగున వీధిలోకి వెళ్లాడు. తల పైకెత్తి తడుస్తూ, "మన చేని కయ్యలో పడతాంటుందా మే? పడతాంటుందిలే!" అని నవ్వుతున్నాడు. నేనూ వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. సగం చీర మగ్గం మీద ఉందన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

"ఒరే సంబరాల్రాయుడా! వానకు మురిసేది మీ పల్లెలో. ఈడ మగ్గం మిందుండే పడుగు కాపాడుకోవాలప్పా!" అని లోపలి నుంచి కేక వినబడింది. వెళ్లి చూస్తే ఓబులవ్వ చీర ఎగ్గట్టి గుంతలో నిలబడి, చెంబుతో నీళ్లు ఎత్తిపోస్తోంది. పట్టుకు తడి తగలలేదు. ఆ సాయంత్రం గుంతను లోపలి గోడ వైపుకు మార్పించింది. మారుస్తున్నంతసేపూ తిట్టింది, మధ్యలో ఒకసారి కాఫీ కూడా ఇచ్చింది. ఊరు వదిలి వచ్చామని నాకు నిజంగా తెలిసింది ఆరోజే.

నాలుగైదేళ్లు గడిచాయి. వీధి వెడల్పయి బస్సులు తిరగసాగాయి. ఓబులవ్వ కొడుకు నాగరాజు మట్టి గదులు తీసేసి అంగళ్లు కట్టిద్దామన్నాడు. చెడ్డవాడేం కాదు, కాస్త తొందర మనిషి. మేము నాలుగు ఇళ్ల వాళ్లమూ నెల రోజులు ఊరంతా తిరిగాం. ఎక్కడా గుంత తవ్వనివ్వలేదు. మగ్గం అమ్ముకుని బెంగుళూరుకు ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోవడమొక్కటే దారి అనుకున్నాం. అప్పుడు నేను నిండు చూలాలిని. ఒక ఉదయం నాగరాజు గుంతలు పూడ్చడానికి ట్రాక్టరు నిండా మట్టి తోలించుకొచ్చాడు.

ఓబులవ్వ మా ఇంట్లోకి వచ్చి, మా ఆయన్ని మగ్గం మీద నుంచి లేపి, తనే గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంది.

"లెయ్యి మా. ఊరు మారిపోతాంది. మనమొకరమే ఇట్లే ఉండాల్నా?" అన్నాడు కొడుకు.

"మారనీ. యాడికీ లెయ్యను. ఈ ఊరు పెరిగింది ఎవురివల్లనో చెప్పు. ఈ గుంతల్లో కూసున్నోళ్లవల్ల కాదా? నీ అంగళ్లు నువ్వు కట్టుకోప్పా. ఈళ్లకు ఎనక జాగా చూపిచ్చి కట్టుకో."

"వెనక మట్టి నేల ఎవరు పెట్టుకుంటారు మా ఇప్పుడు?"

"నేను పెట్టుకుంటా. ఆ మట్టి నా మింద పొయ్యి, చూస్తా."

ట్రాక్టరు డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు. ముందు నాగరాజుకూ నవ్వొచ్చింది, ఆ తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. మధ్యాహ్నానికి ట్రాక్టరు మట్టితోనే వెనక్కి వెళ్లింది. ఆ తర్వాత ముందు వైపు అంగళ్లు, సందు దాటి వెనక నాలుగు గదులు కట్టారు. గడపలు ఎత్తుగా పెట్టి, నేల మధ్యలో గుంతలకు చోటు వదిలారు. ట్రాక్టరు వెనక్కి మళ్లిన ఆ మధ్యాహ్నం నేను గోడకు ఆనుకుని ఊపిరి వదిలాను. అంత తేలికగా ఊపిరి తీసుకున్న రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు. పది రోజులకు పాప పుట్టింది.

ఓబులవ్వ పోయి చాలా ఏళ్లయింది. మా ఆయనకు నడుము నొప్పి వచ్చి నేత మానేశాక అనంతపురం చేరాం, చీరల వ్యాపారం చేసి చిన్న ఇల్లు కట్టుకున్నాం. ఊళ్లు పెరిగేటప్పుడు ముందు వచ్చినవాళ్లు తలుపులు బిగించుకోవడం చూస్తూనే ఉన్నాను. నాకూ ఆ బుద్ధి పుట్టకపోలేదు. పోయిన నెల కుందుర్పి నుంచి ఒక జంట మా వెనక గది అడగడానికి వచ్చింది. ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముకుంటారట. ఆ అమ్మాయి గదిలోకి కూడా రాకుండా వాకిట్లోనే నిలబడి, "పెద్ద గ్రైండరక్కా. తెల్లారుజామునే వేస్తాం. శానా సద్దొస్తాది. ఆ మాటకే ఎవురూ ఇల్లు ఇయ్యడంలేదు" అంది. నాకు నిద్ర పలచన. మా ఆయన నావైపు చూశాడు, వద్దను అన్నట్టు.

"ఏ గోడకు పెట్టుకుంటావో చూసుకో, రా గది చూపిస్తా" అన్నాను.

ఆ పిల్ల గోడకు చేయి ఆనించి ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నాకు బాగా తెలుసు.